72 ల్యాపుల (చుట్ల) రేసులో 65వ ల్యాపు దగ్గర ఆగిన కారు: దీన్ని దురదృష్టం అనేసి ఊరుకోవాలా?

ప్రశ్న
కావలి, తుమ్మలపెంట రోడ్డు
1 సెప్టెంబరు 2025

రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. తెల్లారి గుంటకు మేత వేసి వచ్చి ఇది రాస్తున్నాను. కొంచెం పొడుగైంది, ఓపికగా చదవండి.

నిన్న ఫార్ములా వన్ కార్ల రేసు డచ్ గ్రాండ్‌ప్రీ మా రొయ్యల గుంట గట్టు మీద షెడ్డులో కూర్చుని ఫోన్‌లో చూశాను. వినాయక చవితి అయిదో రోజు కదా, ఊళ్లో నిమజ్జనం. కాపలా ఉండే అతన్ని పిల్లలతో ఊరేగింపుకు వెళ్లమని నేనే పంపాను. రేసు మన టైం సాయంత్రం ఆరున్నరకు. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల చప్పుడు ఒక చెవిలో పడుతుంటే రెండో చెవితో కామెంటరీ వినడం నాకు అలవాటే.

శుక్రవారం నుంచి చూసినవాళ్లకు మా మెక్‌లారెన్ టీమ్ డ్రైవర్ నారిస్ ఎంత ఊపులో ఉన్నాడో తెలుసు. మూడు ప్రాక్టీసుల్లోనూ అతనిదే మొదటి టైం. శనివారం క్వాలిఫయింగ్‌లో అదే టీమ్‌లోని పియాస్ట్రి 0.012 సెకన్ల తేడాతో పోల్ (రేసులో అందరికంటే ముందు బయల్దేరే చోటు) తీసుకున్నాడు. అంత తక్కువ తేడా. రేసులో హామిల్టన్ మూడో మలుపులో గోడకు కొట్టాడు, తర్వాత లెక్లెర్ రేసు కూడా ఆ మలుపులోనే ముగిసింది. ప్రమాదం జరిగినప్పుడు కార్లన్నిటినీ నెమ్మదిగా వెంట నడిపించే సేఫ్టీ కారు వచ్చిన ప్రతిసారీ ఇప్పుడైనా నారిస్‌కు దారి దొరుకుతుందేమోనని ఎదురుచూశాను. పియాస్ట్రి వెనకే రెండో స్థానంలో ఉన్నాడు. జాండ్‌ఫోర్ట్ ట్రాక్ ఇరుకు, ముందు కారును దాటడం కష్టం. అయినా ఆశ పోలేదు.

65వ ల్యాపులో కాక్‌పిట్‌లోకి పొగ వస్తోందని రేడియోలో చెప్పాడు. ఏం జరిగిందో నాకు అర్థమయ్యేలోపే కారు పక్కకు తీసి ఆపేశాడు. ఆయిల్ లీకట. కాసేపటికి కెమెరా అతన్ని చూపించింది. ట్రాక్ పక్కన గడ్డి మొలిచిన ఇసుకదిబ్బ మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. అదే టైంలో ఊళ్లోంచి డప్పులు, టపాకాయలు. నేను ఫోన్ పక్కన పెట్టి, గట్టు మీదికి వెళ్లి నాలుగు ఏరేటర్లూ తిరుగుతున్నాయో లేదో చూసొచ్చాను. ఎందుకు చూశానో కింద చెబుతాను.

చాంపియన్‌షిప్‌లో రేసుకు ముందు ఇద్దరి మధ్య తేడా 9 పాయింట్లు. ఇప్పుడు 34. పియాస్ట్రి 309, నారిస్ 275. పియాస్ట్రి మీద నాకు కోపం లేదు, అతను బాగా నడిపాడు. ఇద్దరివీ ఒకే రకం కార్లు, ఒకే టీమ్. ఒక కారు గెలిచింది, ఒక కారు కారిపోయింది.

2012లో చెన్నైలో ఇంజినీరింగ్ చదివేటప్పుడు హాస్టల్లో మొదలైంది నాకు ఈ పిచ్చి. అప్పుడు హామిల్టన్ మెక్‌లారెన్‌లో ఉన్నాడు. ఆ ఏడాది సింగపూర్‌లో ముందు నడుస్తుండగా గేర్‌బాక్స్ పోయింది. అబుదాబిలో కూడా ముందే ఉన్నాడు, ఈసారి ఇంధనం ప్రెషర్ పడిపోయింది. తర్వాతి ఏడాది అతను మెర్సిడెస్‌కు వెళ్లిపోయాడు, నేను మాత్రం మెక్‌లారెన్‌తోనే ఉండిపోయాను. 2015లో హోండా ఇంజిన్‌తో మొదటి రేసు ఆస్ట్రేలియాలో. మా మాగ్నుసెన్ కారు రేసు మొదలయ్యే చోటు, గ్రిడ్ దాకా కూడా రాలేదు, దారిలోనే పొగ. ఆ మూడేళ్లు ఎలా గడిచాయో నాలాంటివాళ్లకే తెలుసు. 1998 తర్వాత మళ్లీ 2024లో టీమ్ టైటిల్ వచ్చిన రోజు నేను నిజంగా ఏడ్చాను. ఈ సీజన్లో నిన్నటి దాకా మా రెండు కార్లలో ఒక్కటి కూడా మెషీన్ చెడిపోయి ఆగలేదు. కెనడాలో నారిస్ ఆగింది గుద్దుకుని. అందుకే నిన్నటిది ఇంకా మింగుడు పడటం లేదు.

ఇక నా ప్రశ్న. నిన్నటి నుంచి అందరూ ఒకటే మాట, "బ్యాడ్ లక్". ఆ మాట నాకు నచ్చదు. దానికి కారణం ఉంది.

మూడేళ్ల కిందట రెండెకరాల గుంట, వనామి రొయ్య, ఎనభై రోజుల పంట. రాత్రి ఒంటిగంటకు కరెంటు పోయింది. జనరేటర్ వేశాం. పది నిమిషాలు నడిచి ఆగింది. మళ్లీ వేస్తే మళ్లీ ఆగింది. ట్యాంకు నిండా డీజిలు, బ్యాటరీ కొత్తది. ఎక్కడా చుక్క కారడం లేదు. తెల్లవారుజామున నాలుగింటికి రొయ్యలు గట్టు పక్కకు వచ్చేశాయి. ఆరింటికి వలతో తీసినవి తీశాం, మిగతావి అడుగున చచ్చిపోయాయి. తర్వాత తేలిందేమిటంటే, డీజిల్ పైపు జాయింటు దగ్గర వాషర్ సరిగా కూర్చోలేదట. అంతకు రెండు వారాల ముందే దాన్ని సర్వీసుకు ఇచ్చి తెచ్చాం. బంధువులంతా వచ్చి "నీ టైం బాగాలేదురా" అన్నారు. వాషర్‌కూ నా టైంకూ సంబంధం ఏమిటి?

అందుకే అడుగుతున్నాను. అన్ని కోట్లు పెట్టి చేసిన కారు, ఒళ్లంతా సెన్సర్లు, ఇంగ్లండ్‌లో కూర్చుని కూడా డేటా చూసే మనుషులు. ఇంతమంది ఉండి ఆయిల్ కారుతుందని ముందే పట్టుకోలేరా? అది ఎవరి తప్పూ కాదా? ఇంజిన్ పని తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.


జవాబు
ఒంగోలు, ఫెరారీ అభిమాని

అన్నా, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. గుంట సంగతి చదువుతుంటే మనసు పాడైంది.

నేను చీమకుర్తిలో గ్రానైట్ క్వారీ ఆఫీసులో చేస్తాను. కారు ఆగిపోవడం అంటే ఏమిటో ఫెరారీవాళ్లను అడగాలన్నా. 2022లో మూడు రేసులయ్యేసరికి మా లెక్లెర్‌కు 71 పాయింట్లు, రెడ్‌బుల్ వెర్‌స్టాపెన్ 25. ఆఫీసులో అందరికీ స్వీట్లు పంచాను. ఈ ఏడాది మనదే అని ఇంట్లో కూడా చెప్పాను. బార్సిలోనాలో లెక్లెర్ హాయిగా ముందు నడుస్తుండగా 27వ ల్యాపులో పవర్ పోయింది. టర్బో. జూన్ 12, బాకు. తొమ్మిదో ల్యాపులో మా రెండో డ్రైవర్ సైంజ్ కారు హైడ్రాలిక్స్ పోయి ఆగింది. 20వ ల్యాపులో ముందున్న లెక్లెర్ ఇంజిన్ పొగ. ఒకే రేసులో రెండూ! అంతటితో ఆగలేదు, ఫెరారీ ఇంజిన్ వాడే మాగ్నుసెన్, జో కార్లు కూడా ఆ రోజే ఆగిపోయాయి. ఆస్ట్రియాలో సైంజ్ కారు మంటల్లో ఉండగా అతను దిగడానికి ఇబ్బంది పడుతుంటే నేను టీవీ ముందు లేచి నిలబడ్డాను. సంవత్సరం చివర వెర్‌స్టాపెన్ 454, లెక్లెర్ 308.

దాన్ని నేను బ్యాడ్ లక్ అనను. 2022 నుంచి ఇంజిన్ డిజైన్లు ఫ్రీజ్ చేశారు. పవర్ పెంచే మార్పులు ఇక కుదరలేదు, చెడిపోకుండా చేసే మార్పులకు మాత్రం పర్మిషన్ ఉండేది. అంటే ముందు పవర్ ఎంత వీలైతే అంత తీసుకుని, గట్టితనం తర్వాత చూసుకుందాం అనుకోవడానికి రూలే దారి ఇచ్చింది. తెలిసి పెట్టిన పందెం అది. పందెం పెట్టింది టీమ్, పోగొట్టుకుంది లెక్లెర్. నా బాధ అదే.


జవాబు
నెల్లూరు, ఆటోనగర్

తమ్ముడూ, నేను డీజిల్ పంపులు, ఇంజిన్ల పని చేస్తాను. 28 ఏళ్ల నుంచి. ఈ రేసులు చూసేది మా అబ్బాయి, వాడే నీ ప్రశ్న నాకు చదివి వినిపించాడు. నేను చెబుతున్నాను, వాడు టైపు చేస్తున్నాడు.

ముందు నీ జనరేటర్ గురించి, ఎందుకంటే అది నాకు బాగా తెలుసు. చుక్క కారలేదన్నావు చూడు, అక్కడే ఉంది అసలు సంగతి. ట్యాంకు నుంచి పంపు దాకా ఉండే పైపు లాగే వైపు. అక్కడ వాషర్ వదులైతే డీజిలు బయటికి రాదు, బయటి గాలి లోపలికి పోతుంది. కంటికి ఏమీ కనపడదు. ఇంజిన్ కాసేపు నడుస్తుంది, గాలి చేరాక ఎయిర్ లాక్ అయి ఆగుతుంది. గాలి తీస్తే మళ్లీ పది నిమిషాలు నడుస్తుంది. పంపు దాటాక ఉండేది నెట్టే వైపు, అక్కడ లీకైతే బయటికి చిమ్ముతుంది, గుడ్డివాడికైనా వాసన తెలుస్తుంది. మనుషులు కారే లీకు కోసమే వెతుకుతారు. లాగే లీకు రాత్రి ఒంటిగంటకు టార్చి లైటుతో దొరకదు.

రెండోది, ఆ వాషర్. రాగి వాషర్ ఒకసారి బిగిస్తే నలిగి, గట్టిపడి, ఆ జాయింటు ఆకారంలోకి వెళ్లిపోతుంది. విప్పినప్పుడు కొత్తది వేయాలి. కొత్తది లేకపోతే పాతదాన్ని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మళ్లీ మెత్తబడుతుంది, అప్పుడు వేయాలి. అలాగే తీసి అలాగే పెట్టేస్తే ఈ రోజు పట్టినట్టే ఉంటుంది, రెండు వారాలు అదురుకి అదురుకి వదులవుతుంది. నీకు సర్వీసు చేసినవాళ్లు పాతదే వేసి ఉంటారని నా అనుమానం. చూడకుండా గట్టిగా చెప్పకూడదు. కానీ రెండు వారాలు అన్నావు చూడు, అది సరిపోతోంది. ఇందులో నీ టైం ఏమీ లేదు.

ఇప్పుడు ఆ కారు. మా వాడు వీడియో చూపించాడు. పొగ వచ్చిందంటే ఆయిల్ ఎక్కడో కారి వేడి భాగం మీద పడింది. ఇంజిన్ మెర్సిడెస్‌దైనా తప్పు ఇంజిన్‌లో కాదు, షాసీ (కారు చట్రం) వైపే అని మెక్‌లారెన్‌వాళ్లే చెప్పారని చదివి వినిపించాడు. సెన్సర్లు ఉండవా అన్నావు. ఉంటాయి. కానీ ప్రెషర్ సెన్సర్ చెప్పేది ప్రెషర్ పడిందని. పడేదాకా దానికి చెప్పడానికి ఏమీ ఉండదు. జాయింటు వదులవుతోంది, ఇంకో గంటలో కారుతుంది అని చెప్పే సెన్సర్ నేనైతే చూడలేదు. చేత్తో పట్టుకుని చూడాలి, కారు ఆ స్పీడులో పోతుంటే ఎవరు పట్టుకుంటారు?

లారీకి పైపు వేసేటప్పుడు నేను రెండు క్లాంపులు ఎక్కువే వేస్తాను. బరువు అర కిలో పెరిగినా లారీ ఓనర్ అడగడు. ఆ కారు డ్రైవరుతో కలిపి 800 కిలోలేనట. గ్రాము గ్రాముకూ లెక్క. లారీ ఇంజిన్ నిమిషానికి రెండు వేల చుట్లు తిరిగితే, దానికి రూలు ప్రకారం 15,000 దాకా వెళ్లొచ్చట. అంత అదురు, అంత వేడి, గాలి పోవడానికి సందు లేకుండా బిగించిన బాడీ. అందులో ఒక గంటన్నర ఏదీ చెడకుండా నడవడమే నాకు పెద్ద విషయంగా కనిపిస్తుంది.

ప్రెషర్ పడితే ఆపేయాల్సిందే. ఆయిల్ లేకుండా ఒక్క నిమిషం తిప్పినా బేరింగులు పట్టేస్తాయి. ఈ సీజన్‌కు 24 రేసులు, డ్రైవరుకు ఇంజిన్లు నాలుగే, అంతకుమించి వాడితే గ్రిడ్‌లో వెనక్కి పంపుతారు అని మా వాడు చెప్పాడు. అలాంటప్పుడు దాన్ని కాపాడుకుంటారా లేదా?

ఎవరి తప్పూ కాదా అని అడిగావు. ఎవరో ఒకరిదే తమ్ముడూ. ఎవరో డిజైన్ చేశారు, ఎవరో బిగించారు, ఎవరో చెక్ చేసి సంతకం పెట్టారు. నా చేతి కింద బిగించిన జాయింటు రోడ్డు మీద వదులైన సందర్భాలు నాకూ ఉన్నాయి. ఆ రాత్రి నాకూ నిద్ర పట్టదు. ఆ కారుకు పని చేసినవాళ్లకు కూడా నిన్న నిద్ర పట్టి ఉండదు.

నువ్వు ఒక పని చెయ్యి. ఫిల్టరుకు ముందు ఒక అడుగు పారదర్శకంగా ఉండే డీజిల్ పైపు వేయించు. జనరేటర్ నడుస్తుండగా అందులో బుడగలు కనిపిస్తే గాలి లాగుతోందని అర్థం. కరెంటు పోయినప్పుడు కాదు, కరెంటు ఉన్నప్పుడే వారానికొకసారి అరగంట నడిపి చూడు. లోడు మీద నడపాలి, ఊరికే కాదు.


కావలి, తుమ్మలపెంట రోడ్డు

మేస్త్రి గారూ, మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. మూడేళ్లలో ఇంత వివరంగా నాకెవరూ చెప్పలేదు. లాగే వైపు, నెట్టే వైపు అన్న మాట చదవగానే ఆ రాత్రంతా కళ్ల ముందు తిరిగింది. మేం టార్చి వేసి వెతికింది మొత్తం నెట్టే వైపే. పైపులన్నీ గుడ్డతో తుడిచి తుడిచి చూశాం, తడి ఎక్కడా లేదు. రేపే పైపు వేయిస్తాను.

ఒంగోలు తమ్ముడూ, బాకు రోజు నాకూ గుర్తుంది. ఆ రోజు నాకు ఫెరారీ మీద జాలి వేసింది, కానీ ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు చెబుతున్నాను.


జవాబు
నెల్లూరు, రిటైర్డ్ లెక్కల మాస్టారు

నాయనా, మేస్త్రి గారు నిద్ర పట్టదన్న మాట దగ్గర నాకు 2006 గుర్తొచ్చింది. జపాన్‌లో సుజుకా. చాంపియన్‌షిప్‌లో ఫెరారీ షూమాకర్‌కూ అలోన్సోకూ పాయింట్లు సమానం, మిగిలింది రెండు రేసులు. షూమాకర్ ముందు నడుస్తున్నాడు. ఇంజిన్ పేలింది. ఆరేళ్లుగా రేసు మధ్యలో అతని ఇంజిన్ పోలేదు. ఎనిమిదో టైటిల్ దాదాపు అక్కడే పోయింది. ఆయన గ్యారేజీకి వచ్చి చేసిందేమిటో తెలుసా? మెకానిక్కులు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి ఓదార్చాడు. మా ఇంట్లో అందరం అది చూసి మాట్లాడకుండా కూర్చున్నాం. నేను నలభై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పాను, అంత మంచి పాఠం చెప్పలేదు.

అంతకు ముందు 2001లో బార్సిలోనా. హక్కినెన్ చివరి ల్యాపులో, గెలుపు చేతిలో ఉండగా క్లచ్ పోయింది. మీ మెక్‌లారెనే. ఆ రోజు గెలిచింది షూమాకరే.

నాకు ఈ అభిమానం టీవీ కంటే ముందు నుంచి ఉంది. మద్రాసు రోడ్డులో, రెడ్‌హిల్స్ రాకముందే షోలవరం వస్తుంది. యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద రేసులు పెట్టేవారు. నెల్లూరులో తెల్లవారుజాము బస్సెక్కితే పొద్దెక్కేసరికి అక్కడుండేవాళ్లం. ఎండ, దుమ్ము, పెట్రోలు వాసన. అక్కడ సగం కార్లు ఆగిపోయేవి. ఆగిన కారును నలుగురూ తోసుకుంటూ వస్తుంటే జనం చప్పట్లు కొట్టేవారు. గెలిచినవాడికి కొట్టినట్టే కొట్టేవారు. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో కొత్త ట్రాక్ వచ్చాక అక్కడికీ వెళ్లాను, సౌకర్యాలన్నీ బాగున్నాయి. కానీ నా మనసు షోలవరం దగ్గరే ఉండిపోయింది.

34 పాయింట్లంటే చాలా ఎక్కువే. ఇంకా తొమ్మిది రేసులు మిగిలున్నాయి. లెక్కలు చెప్పినవాడిగా అంటున్నాను, ఇప్పుడే వదిలేయకు.


కావలి, తుమ్మలపెంట రోడ్డు
8 డిసెంబరు 2025

మాస్టారూ, వదిలేయలేదు.

నిన్న రాత్రి సీజన్ చివరి రేసు అబుదాబి అయ్యాక మొదట గుర్తొచ్చింది మీరే. నారిస్ 423, వెర్‌స్టాపెన్ 421, పియాస్ట్రి 410. ఏడాదంతా నడిచి రెండు పాయింట్లు. నారిస్ నిన్నటి రేసులో మూడో స్థానంలో వచ్చి చాంపియన్ అయ్యాడు. చివరి పది ల్యాపులు నేను కూర్చోలేదు, మా ఆవిడ అన్నం కలిపి తెచ్చినా ముట్టలేదు. కారు ఎక్కడ పొగ కక్కుతుందోనని అదే టెన్షన్. జాండ్‌ఫోర్ట్ తర్వాత ప్రతి రేసులోనూ నాకు అదే భయం. లాస్ వెగాస్‌లో కారు అడుగు పలక రూలు కంటే ఎక్కువ అరిగిందని మా రెండు కార్లనూ ఆ రేసు ఫలితాల్లోంచి తీసేసినప్పుడు ఇక అయిపోయిందనుకున్నాను.

లెక్క కట్టాను మాస్టారూ, తప్పుంటే చెప్పండి. ఆ రోజు ఆయిల్ కారకపోతే నారిస్‌కు రెండో స్థానం, 18 పాయింట్లు. ఆ రోజు రెండోగా వచ్చిన వెర్‌స్టాపెన్‌కు మూడో స్థానం, 18కి బదులు 15. అంటే నిన్న తేడా రెండు కాదు, 23. నిన్నటి రేసు మొదలవకముందే నేను అన్నం తినేవాణ్ని.

మేస్త్రి గారికి అసలు సంగతి చెప్పాలి. సెప్టెంబరులోనే పైపు వేయించాను. మొదటి రోజే బుడగలు కనిపించాయి, పెసర గింజంత. మళ్లీ పాత వాషరే ఉంది అక్కడ. నా కళ్ల ముందే కొత్తది వేయించాను. అక్టోబరు 27 తెల్లవారుజామున మెక్సికో రేసు, నారిస్ గెలిచి ఒక్క పాయింటు తేడాతో పియాస్ట్రి కంటే పైకి వచ్చాడు. మరుసటి రోజు మొంథా తుఫాను. ఇక్కడ ఒకటే వాన, రాత్రి కరెంటు పోయింది. పంటకు ఇంకా వారం ఉంది. జనరేటర్ పదకొండు గంటలు ఆగకుండా నడిచింది. నేను గొడుగు పట్టుకుని పక్కనే స్టూలు వేసుకుని, టార్చితో ఆ అడుగు పైపునే చూస్తూ కూర్చున్నాను. ఒక్క బుడగ రాలేదు. వారం తర్వాత పట్టుబడి చేశాం. 

వచ్చే పంటకు ముందు ఇంజిన్ మొత్తం ఒకసారి మీ చేత్తో చూడాలి. ఎప్పుడు తీసుకురమ్మంటారు?


నెల్లూరు, ఆటోనగర్

సంతోషం తమ్ముడూ. మా వాడు నిన్న వీధి వీధంతా లేపాడు. బుధవారం తీసుకురా, పొద్దున్నే అయితే ఖాళీగా ఉంటాను. విప్పిన ఆ పాత వాషర్ పారేయకుండా ఉంటే అది కూడా తీసుకురా. అరుగుదల ఒక వైపే ఉందో, రెండు వైపులా ఉందో చూడాలి. ఒక వైపే ఉంటే పైపు వంకరగా బిగించారని, దాన్ని కూడా మార్చాలి.